చేతిలో ఇమిడిన పుస్తకం
ఆల్డస్ మనూషియస్ పుట్టు ముద్రాపకుడు కాదు, పిల్లలకు పాఠాలు చెప్పుకునే పంతులు. నలభై దాటాక వెనిస్‌లో అచ్చుకూటం పెట్టాడు. గ్రీకు గ్రంథాలు చేతిరాత ప్రతుల్లోనే నశించిపోతాయేమోనన్నది ఆయన బెంగ. 1495 నుంచి 1498 లోపు అరిస్టాటిల్ రచనలను గ్రీకులోనే ఐదు సంపుటాలుగా తెచ్చాడు. ఆ ఒక్క పనికే ఆయనకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

అచ్చు పనికి ఎంత ఓపిక కావాలో చూడండి. అద్దంలో నీడలా తిరగబడి ఉండే సీసపు అక్షరాలను గూళ్లలోంచి ఒక్కొక్కటే ఏరి వరసలు పేర్చాలి. అవిసె నూనెలో మసి కలిపి కాచిన సిరాను తోలు బంతులతో అద్దాలి. తడిపిన కాగితం పరిచి, మరబిగించి, ఊపిరి బిగబట్టి లాగాలి. ఆపైన ప్రూఫు దిద్దడం, మళ్లీ మొదలు.

ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన వాలు అక్షరాలతో ఆల్డస్ 1501లో రోమన్ కవి వర్జిల్ కావ్యాలను చిన్న సైజులో వేశాడు. బల్లమీద పరిచి చదవాల్సిన పుస్తకం చేతిలోకి వచ్చింది! మనం వాడే అర్ధవిరామ చిహ్నం కూడా 1496లో ఆయన వేసిన, బెంబో అనే రచయిత పుస్తకంలోదే.

ఊసుపోక వచ్చేవాళ్లను పని చెప్పి త్వరగా వెళ్లమని అచ్చుకూటం గుమ్మం మీద రాయించాడట. పండితుడు ఎరాస్మస్ మాత్రం నెలల తరబడి అక్కడే కూర్చుని రాశాడు. రాసిన కాగితం రాసినట్టే అచ్చుకు వెళ్లేది.

1515 ఫిబ్రవరిలో ఆల్డస్ పోయాడు. చర్చిలో ఆయన దేహం చుట్టూ ఆయన వేసిన పుస్తకాలే పేర్చారు.