చిన్న పుల్లీ లెక్క

మెదక్ జిల్లా శివ్వంపేట లాంటి మండల కేంద్రంలో పిండి గిర్ని ముందు నిలబడితే చెవికి ముందుగా అందేది రాయి చప్పుడు కాదు, బెల్టు చప్పుడు. గింజ లేనప్పుడు తేలిగ్గా తపతపలాడే బెల్టు, తొట్టిలో జొన్నలు పడగానే గొంతు మార్చుకుంటుంది. గిర్ని నడిపే మనిషి ఆ గొంతును బట్టే రాళ్ళ నడుమ సందు సరిచేస్తాడు. రొట్టెకైతే మెత్తగా, గడకకైతే మక్కలు బరకగా. కింద దిగుతున్న పిండిని చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూస్తాడు. ఎంత మెత్తగా ఉందనేది ఒక్కటే కాదు, ఎంత వేడిగా ఉందో కూడా ఆ వేళ్ళు చెబుతాయి.

ఆ వేడి దగ్గరే పుల్లీల విద్య మొదలవుతుందని నా నమ్మకం.

మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుందనుకుందాం. రాయికి అంత వేగం పనికిరాదు. మోటారు పుల్లీ 4 అంగుళాలు, రాయి పుల్లీ 10 అంగుళాలు అయితే, 1440ని 4తో గుణించి 10తో భాగిస్తే 576. బెల్టు జారుడు కొంత పోను రాయి వేగం అదే. రాయి వైపు 10 అంగుళాల పుల్లీ తీసేసి 8 అంగుళాలది బిగిస్తే 720 అవుతుంది. తిప్పేదాన్ని పెద్దది చేసినా, తిరిగేదాన్ని చిన్నది చేసినా వేగం పెరుగుతుంది. పిండి తొందరగా దిగుతుంది, వరుసలో నిలబడ్డవాళ్ళు తొందరగా ఇంటికి వెళతారు. కానీ మోటారు మీద బరువు పెరుగుతుంది, పిండి కాలుతుంది, రాయి మీది గరుకు గాట్లు, అంటే కక్కు, తొందరగా అరుగుతుంది. అందుకే మంచి గిర్నిలో వేగం పెంచే ముందు కక్కు చూస్తారు. రాయి మొద్దుబారితే కక్కు కొట్టించాలి గాని, పుల్లీ మార్చి మొద్దు రాయిని మరింత గట్టిగా తిప్పితే వేడి తప్ప పిండి రాదు.

ఇదే లెక్కను 2002 నుంచి 2006 దాకా ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో తయారైన మినీ కూపర్ ఎస్ కారు బానెట్ కింద చూడవచ్చు. 1598 సీసీల చిన్న ఇంజను, దానికి ఈటన్ ఎం45 సూపర్‌చార్జర్. 45 అంటే ఒక్క చుట్టుకు అది మింగి వదిలే గాలి, ఘనపు అంగుళాల్లో. మన లెక్కలో ముప్పావు లీటరుకు కాస్త తక్కువ. ఇంజను క్రాంకు నుంచి బెల్టు వచ్చి దీన్ని తిప్పుతుంది. ఇంజను ఒక్క చుట్టు తిరిగేసరికి ఇది దాదాపు రెండు చుట్లు తిరుగుతుంది. మామూలు ఇంజను పీల్చుకోగలిగినంత గాలే పీలుస్తుంది. ఈ ఇంజనుకేమో గాలిని బలవంతంగా తోసి పెడతారు. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కలపవచ్చు. మొదటి కార్ల 163 హార్స్‌పవర్ అలా వచ్చిందే.

సూపర్‌చార్జర్ పుట్టుక కూడా మిల్లులోనే. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు కానర్స్‌విల్‌లో ఉన్ని మిల్లు నడిపిన రూట్స్ సోదరులు, నీటి చక్రానికి మెరుగైన బదులు వెతుకుతూ చివరికి గాలిని తోసే యంత్రం దగ్గరికి వచ్చారు. 1860లో పేటెంటు పొందారు. అది చాలాకాలం కొలుముల్లోకి గాలి ఊదింది. ఒకదాన్నొకటి తాకకుండా పెనవేసుకుని తిరిగే ఆ రెండు రోటర్ల పద్ధతే మినీలోనూ ఉన్నది.

కారు మోజున్నవాళ్ళు మొదట చేసే పని ఆ సూపర్‌చార్జర్ పుల్లీని 15 శాతం చిన్నది చేయడం. గిర్ని లెక్క తెలిసినవాళ్ళకు ఇక్కడ ఒక మెలిక వెంటనే తడుతుంది. పుల్లీ 15 శాతం తగ్గితే వేగం పెరిగేది 15 శాతం కాదు. ఒకటిని 0.85తో భాగించండి, దాదాపు 18 శాతం. 10 అంగుళాలను 8కి తగ్గిస్తే 20 శాతం తగ్గించి 25 శాతం వేగం తెచ్చుకున్నట్టే, ఇదీ అంతే.

తర్వాత వేడి. గాలిని నొక్కితే కాగుతుంది. మెదక్ ఎండాకాలపు 42 డిగ్రీల గాలిని 1.8 రెట్ల ఒత్తిడికి నొక్కితే, ఏ నష్టమూ లేని యంత్రంలో కూడా అది 100 డిగ్రీలకు చేరుతుంది. రూట్స్ పద్ధతి అంత నిక్కచ్చి యంత్రం కాదు, ఇంకా కాలుస్తుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, సిలిండర్లో పెట్రోలు వేళకు ముందే పేలి పిస్టన్లను కొడుతుంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు గిర్ని నుంచి తెచ్చిన పిండిని వెంటనే డబ్బాలో పోయరు. గుడ్డ మీద పరిచి ఆరబెడతారు, లేకపోతే చెమర్చి ఉండ కడుతుంది. మినీలో ఇంజను నెత్తిన కూర్చున్న ఇంటర్‌కూలరు చేసే పని ఆ గుడ్డ చేసేదే. బానెట్ మీద కనిపించే ఆ నోరు అలంకారం కాదు, దానికి గాలి అందించే దారి. పుల్లీ చిన్నది చేసి ఇంటర్‌కూలరునూ స్పార్క్ ప్లగ్గులనూ పెట్రోలు నాణ్యతనూ పట్టించుకోనివాడు రాయి వేగం పెంచి వేడి పిండిని డబ్బాలో మూసినవాడితో సమానం. జాన్ కూపర్ వర్క్స్ అనే సంస్థ తన కిట్‌తో 200 హార్స్‌పవర్ తెచ్చినప్పుడు కూడా పుల్లీ ఒక్కటే మార్చలేదు. సిలిండర్ హెడ్డు, సైలెన్సర్, కంప్యూటర్ లెక్కలు అన్నీ కలిపి మార్చింది.

ఇక బెల్టు. పుల్లీ చిన్నదైన కొద్దీ బెల్టు దాన్ని చుట్టి పట్టుకునే జాగా తగ్గుతుంది, జారుతుంది. జారితే వేగమూ రాదు, కాలిన రబ్బరు వాసన వస్తుంది. బిగిస్తే బేరింగు మూలుగుతుంది. పాత రైసు మిల్లుల్లో వెడల్పాటి బెల్టు తిప్పే పుల్లీల నడుము కొంచెం ఉబ్బుగా ఉండేది. బెల్టు ఎప్పుడూ ఎత్తువైపే ఎక్కుతుంది కాబట్టి నడుమనే నిలుస్తుంది. అంచులు కట్టి ఆపాలని తోచే చోట ఉబ్బు చేసి నిలబెట్టిన ఆ ఉపాయం నాకు ఎప్పుడు చూసినా అబ్బురమే. వీ బెల్టు వచ్చాక చూడవలసింది గాడి. బెల్టు గాడి పక్కలను పట్టుకోవాలి, అడుగును తాకకూడదు. గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే బెల్టో గాడో అరిగిందని అర్థం. రెండు పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయా అని ఈ చివరి నుంచి ఆ చివరికి దారం లాగి చూస్తారు. ఈ చూపు ఉన్న చేతులు మినీ పని నేర్చుకోవడానికి ఎంతోకాలం పట్టదు. కొత్తగా నేర్వవలసినవి కొన్నే. సూపర్‌చార్జర్ పుల్లీ ఇరుసుకు బిగుతుగా ఎక్కించినది, సుత్తితో కొడితే రోటర్లు దెబ్బతింటాయి, పుల్లర్‌తోనే లాగాలి. బెల్టు కాస్త పొట్టిది వేయాలి. ఇంకొకటి, ఆ కారులో నీళ్ళ పంపు కూడా సూపర్‌చార్జర్ చివరి నుంచే తిరుగుతుంది, కాబట్టి పుల్లీ మార్చినవాడు తెలియకుండానే పంపు వేగాన్నీ మార్చినట్టు.

మినీ మన దేశానికి అధికారికంగా వచ్చింది 2012లో. అప్పటికే కూపర్ ఎస్ బెల్టును వదిలి టర్బోకు మారిపోయింది. పొగ బలంతో తిరిగే టర్బోకు పుల్లీ లేదు. తక్కువ ఇంధనంతో ఎక్కువ బలం ఇస్తుంది, కాదనను. అయినా స్పానరు పట్టి, వ్యాసం కొలిచి, కాగితం మీద భాగహారం చేసి వేగాన్ని తేల్చుకునే వీలు సూపర్‌చార్జర్‌లోనే ఉంది. దాన్ని చెవితోనూ కంటితోనూ పరీక్షించవచ్చు కూడా. కొత్త పుల్లీ వేసిన మెకానిక్ మొదటి చుట్టు తిప్పి వచ్చాక బానెట్ ఎత్తుతాడు. ఇంజను ఆపి, బెల్టు అంచు మీద నల్లటి పొడి రాలిందా అని టార్చి వేసి చూస్తాడు. గిర్నిలో కొత్త పుల్లీ పడ్డ రోజున కూడా మొదటి కుంచెడు గింజలు ఆడించాక మోటారు ఆపి, బెల్టును బొటనవేలితో నొక్కి, రాయి దగ్గరి బేరింగు మీద అరచెయ్యి పెడతారు.