వచ్చిన దెవరు? — యూఎస్‌బీ గుర్తింపుపై ఒక విమర్శ

వాకిట తలుపు చప్పుడైనదని తెలిసికొనుట ఒకటి. వచ్చినవారెవరో తెలిసికొనుట మరియొకటి. లినక్సుతో నడచు రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరునకు యూఎస్‌బీ పరికరమును తగిలించినపుడు మొదటి పని చక్కగా జరుగుచున్నది. రెండవ దానియందే చిక్కున్నది.

యూఎస్‌బీ 2.0 పరికరమును తగిలించగానే, అందలి 1.5 కిలో ఓముల నిరోధకము రెండు సమాచారపు తీగలలో ఒకదాని వోల్టేజిని పెంచును. హబ్బు ఈ మార్పును కనిపెట్టి, కంప్యూటరు అడిగినపుడు తెలుపును. కంప్యూటరు పరికరమునకు 1 నుండి 127 వరకు గల సంఖ్యలలో ఒకదానిని చిరునామాగా ఇచ్చి, తయారీదారు సంఖ్యను, వస్తువు సంఖ్యను అడుగును. పిదప కెర్నెలు ఈ వార్తను 2003లో వెలువడిన 'యుడెవ్' అను ప్రోగ్రామునకు అందజేయును. వార్త తనంతట వచ్చుచుండగా, ప్రతి సెకనునకు పరికరముల జాబితాను వెదకు ప్రోగ్రాములను వ్రాయుట వృథాశ్రమ.

ఇక చిక్కు. సీరియల్ అడాప్టర్లకు కెర్నెలు తాను కనుగొనిన వరుసలో 0, 1 అని సంఖ్యలిచ్చును. మా ప్రయోగశాలలో ఒకే రకపు అడాప్టర్లు రెండింటితో రెండు గిన్నెల వేడినీటి ఉష్ణోగ్రతలను నమోదు చేయించితిమి. ఒక గిన్నెకు కంబళి చుట్టితిమి. రాత్రి కరెంటు పోయి వచ్చినది. అడాప్టర్ల సంఖ్యలు తారుమారైనవి. మరునాడు కంబళి చుట్టిన గిన్నెయే త్వరగా చల్లారినట్లు పట్టిక చూపినది. విద్యార్థులు దానికి కారణములు కూడ వ్రాసిరి! తప్పు వారిది కాదు; సంఖ్యను నమ్మి ప్రోగ్రాము వ్రాసిన మాది.

పరికరమునకు ప్రత్యేకమైన క్రమసంఖ్య ఉన్నచో యుడెవ్ నియమములో దానిని వాడవలెను. చౌక అడాప్టర్లు పెక్కింటికి అది ఉండదు. అపుడు ఏ రంధ్రమున తగిలించితిమో దానినిబట్టి పేరు పెట్టవచ్చును; కాని తీగ చోటు మారినచో పేరును మారును. కావున రంధ్రమునకును, తీగకును చీటీ అంటించుట మేలు.

ఇంతకన్న లోతైన లోపము మరియొకటి కలదు. పరికరము తన్ను గూర్చి చెప్పుకొనినదే గుర్తింపు. ఫ్లాష్ డ్రైవు తాను కీబోర్డునని చెప్పుకొని కంప్యూటరును మోసగించగలదని 2014లో జర్మను పరిశోధకులు ప్రదర్శించిరి. రాకను తెలుపు యంత్రాంగమును మెచ్చుకొందము. కాని వచ్చినవారి మాటను మాత్రము పరీక్షింపక నమ్మరాదు.