పదోవంతు సెకనులో పనితనం

మామిడి తోటకు నవంబరు, డిసెంబరు బెట్ట నెలలు. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ఎటు వెళ్లినా ఆ రోజుల్లో తోటలకు నీళ్లు ఆపేసి ఉంటారు. చెట్టు కాస్త దాహంతో ఉంటేనే పూత బాగా వస్తుంది. రైతు చేతికి పెద్దగా పని ఉండదు, కళ్లకు మాత్రం బోలెడు పని. 2022లో సరిగ్గా ఆ బెట్ట కాలంలోనే హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున కార్ల పందేలు మొదలయ్యాయి. తోటలో కూర్చుని ఫోనులో చూస్తుంటే మా బాబాయి పక్కకొచ్చాడు.

"అన్నీ ఒకేలా ఉన్నాయేందిరా బండ్లు?"

"ఒకటే మోడల్ బాబాయ్. ఇంజను ఒకటే, బాడీ ఒకటే. రంగులే వేరు."

"అయితే చూడాల్సిందే. తప్పు బండి మీదకి నెట్టెయ్యటానికి ఎవడికీ కుదరదుగా."

అప్పటిదాకా నేను చదివినవేవీ ఈ పందెం సంగతి ఇంత సూటిగా చెప్పలేదు. బాబాయికి అది తట్టడంలో వింత లేదు. నూజివీడు తోటంటేనే ఒకే రకం మీద కట్టిన పోటీ. టెంక వేసి పెంచిన మొక్క తల్లి గుణం తెస్తుందన్న నమ్మకం లేదు. అందుకే మంచి బంగినపల్లి చెట్టు నుంచో, చిన్న రసం చెట్టు నుంచో పుల్ల కోసి అంటు కడతారు. ఒక తల్లికి పుట్టిన వెయ్యి అంటు మొక్కలు గుణంలో ఆ తల్లే. అయినా గట్టుకు ఇవతల కాయ ఒకలా, అవతల కాయ ఇంకోలా ఉంటుంది. నేల తేడా కొంత, మిగతాదంతా చేతి తేడా. తిరునాళ్లలో ఒంగోలు గిత్తల బండలాగుడు కూడా అంతే. ఒక విభాగంలోని జతలన్నిటికీ అదే బండ, అదే కోర్టు, అదే సమయం. చివరికి లెక్కకు వచ్చేది అడుగులు, అంగుళాలు.

కార్లలో ఈ పద్ధతికి నాకు బాగా నచ్చిన నమూనా జపానుది. టయోటా 86, సుబారు బీఆర్‌జడ్ అన్నవి కవలలు. రెండూ గున్మా రాష్ట్రంలోని ఓటా ఊళ్లో సుబారు కర్మాగారంలోనే తయారయ్యాయి. 2013 నుంచి ఆ కవలలకే ప్రత్యేకంగా ఒక పందెం నడిచింది. ఫుజి, సుజుకా, మోటెగి, ఒకాయామా ట్రాకుల మీదుగా సీజనంతా తిరిగేది. అందులో పరుగెత్తే కారుకు మామూలు రోడ్డు బండికి ఉన్నట్టే నంబరు ప్లేటు ఉండాలి. లోపల ఇనుప పంజరం, డ్రైవరుకు బెల్టులు లాంటి కొన్ని మార్పులకే అనుమతి. ఇంటి నుంచి అదే కారు తోలుకొచ్చి, పందెంలో తోలి, మళ్లీ అదే కారులో ఇంటికి పోవచ్చు. వృత్తిగా తోలేవాళ్లది ఒక తరగతి, ఇష్టంకొద్దీ తోలేవాళ్లది ఇంకో తరగతి. 2022లో 2.4 లీటర్ల ఇంజనున్న కొత్త తరం కారుతో, జీఆర్ 86/బీఆర్‌జడ్ కప్పుగా ఆ పందెం కొనసాగింది. డబ్బున్నవాడు పెద్ద ఇంజను పెట్టుకుని గెలిచే దారి మూసేస్తే ఆట ఎంత శుభ్రంగా ఉంటుందో ఆ కప్పు చూపిస్తుంది.

మన దగ్గర అలాంటి సీజను 2022లో ఇండియన్ రేసింగ్ లీగ్ రూపంలో వచ్చింది. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ, గోవా, కొచ్చి పేర్లతో ఆరు జట్లు. జట్టుకు నలుగురు డ్రైవర్లు, ఆ నలుగురిలో ఒక మహిళ తప్పనిసరి. ఆ నియమాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. ఎవరు కూర్చున్నా కారు ఒకటే అయినప్పుడు, తోలేది ఆడా మగా అన్నది గడియారానికి తెలియదు.

కారు పేరు వోల్ఫ్ జీబీ 08 థండర్. తయారీ ఇటలీ. వోల్ఫ్ అన్న పేరు వెనక పాత చరిత్ర ఉంది. 1977లో వాల్టర్ వోల్ఫ్ జట్టు ఫార్ములా వన్‌లో అడుగుపెట్టి, అర్జెంటీనాలో తన మొదటి పందెమే గెలిచింది. ఆనాడు తోలినవాడు జోడీ షెక్టర్. ఈనాటి కారుది మోటారు సైకిలు గుండె. అప్రీలియా కంపెనీ నాలుగు సిలిండర్ల ఇంజను, 1.1 లీటర్లు, 220 హార్స్ పవర్. బండి బరువు సుమారు 380 కిలోలు. మనందరికీ తెలిసిన మారుతి 800 బరువు 650 కిలోల దాకా ఉండేది, దాని శక్తి 40 హార్స్ పవర్‌కు లోపే. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే వోల్ఫ్ ఎంత ఉడుకు రక్తపు జంతువో తెలుస్తుంది.

డ్రైవరు కూర్చునే తొట్టి కార్బన్ ఫైబర్‌ది. ఇక్కడి పనితనం నన్ను కట్టిపడేస్తుంది. జిగురు పట్టించిన కార్బన్ బట్టను కత్తిరించి, అచ్చులో పొర మీద పొరగా చేత్తో పరుస్తారు. ఒక పొర నూలు నిలువుగా పోతే తర్వాతి పొర నూలు ఏటవాలుగా పోతుంది, ఏ దెబ్బ ఎటు నుంచి తగిలినా ఏదో ఒక పొర అడ్డు నిలవాలని. మధ్యలో గాలి బుడగ మిగిలితే అక్కడే చీలుతుంది. అందుకే అచ్చుతో సహా సంచిలో చుట్టి, గాలి లాగేసి, వేడీ ఒత్తిడీ కలిపి ఉడికిస్తారు. అంటు కట్టేటప్పుడు పుల్లకూ మొక్కకూ మధ్య సందు లేకుండా పట్టీ బిగించి చుట్టే మనిషి చేతులు చూసినవాళ్లకు ఆ శ్రద్ధ అర్థమవుతుంది.

ఇక హైదరాబాదు దారి. లుంబినీ పార్కు, సచివాలయం, మింట్ కాంపౌండు, ఐమాక్స్, ఎన్టీఆర్ గార్డెన్ చుట్టూ 2.7 కిలోమీటర్లు, 17 మలుపులు. రోజూ బస్సులు, ఆటోలు తిరిగే రోడ్డే. వాననీరు పోవడానికి నడుమ ఎత్తుగా, అంచులు వాలుగా కట్టిన రోడ్డు అది. దాని మీద నేలకు నాలుగు వేళ్ల ఎత్తున పోయే బండి తోలాలి. మ్యాన్‌హోల్ మూతలు పైకి లేవకుండా బిగించాలి. రోడ్డు మీద గీసిన తెల్లగీతల దగ్గర టైరు పట్టు మారుతుంది. కార్లు పదేపదే నడిచిన గీత మీద రబ్బరు అంటుకుని పట్టు పెరుగుతుంది, ఆ గీత దాటి మూరెడు పక్కకు పోతే దుమ్మే. రెండు వైపులా కాంక్రీటు గోడలు. మామూలు ట్రాకులో తప్పు చేస్తే గడ్డిలోకో, ఇసుకలోకో పోతాడు. ఇక్కడ ఆ అవకాశం లేదు.

తోలేవాడి పనితనమంతా బ్రేకు దగ్గర ఉంది. చూసేవాళ్లకు వేగం కనిపిస్తుంది, తెలిసినవాళ్లు వేగం తగ్గే చోటు చూస్తారు. గంటకు 180 కిలోమీటర్ల మీద బండి సెకనుకు 50 మీటర్లు పోతుంది. సెకనులో పదోవంతు ఆలస్యంగా బ్రేకు తొక్కితే 5 మీటర్లు ముందుకు పోయినట్టు. మన పాత తోటల్లో చెట్టుకూ చెట్టుకూ పది మీటర్ల ఎడం ఉంటుంది. అందులో సగం. మలుపుకు పదోవంతు చొప్పున 17 మలుపుల్లో నష్టపోతే చుట్టుకు 1.7 సెకన్లు, ఇరవై చుట్లకు 34 సెకన్లు. అందరి బండీ ఒకటే కాబట్టి ఆ 34 సెకన్లను తిరిగి తెచ్చిపెట్టే ఇంజను ఎవరి దగ్గరా లేదు.

ఎక్కడ తొక్కాలన్నది ఒక ఎత్తు, ఎలా వదలాలన్నది ఇంకో ఎత్తు. వేగంగా ఉన్నప్పుడు రెక్క మీది గాలి బండిని నేలకు అదిమి ఉంచుతుంది, అందుకని మొదటి తొక్కుడు గట్టిగా ఉండాలి. వేగం తగ్గేకొద్దీ ఆ అదుము పోతుంది, పాదం కూడా దానితోపాటే తేలికవ్వాలి. లేకపోతే చక్రం బిగుసుకుని జారుతుంది. మలుపులోకి తిప్పుతూ బ్రేకు ఇంకా కొద్దిగా పట్టి ఉంచితే బరువు ముందు చక్రాల మీద నిలిచి బండి మాట వింటుంది. ఒక్కసారిగా వదిలేస్తే ముందు భాగం తేలి గోడ వైపు పోతుంది. ఎక్కువసేపు పట్టుకుంటే వెనక చక్రాలు పక్కకు జారతాయి. చిక్కంతో కాయ దించే మనిషి మణికట్టులో ఉండే తెలివిలాంటిదే ఇది. గట్టిగా గుంజితే కొమ్మంతా ఊగి పక్క కాయలు రాలతాయి, మెల్లగా లాగితే తొడిమ తెగదు.

హైదరాబాదు బ్లాక్‌బర్డ్స్ జట్టులో అనిందిత్ రెడ్డి, అఖిల్ రబీంద్ర, ఫ్రాన్సు అమ్మాయి లోలా లోవిన్‌ఫోస్, నీల్ జానీ ఉన్నారు. అనిందిత్ మన హైదరాబాదు కుర్రాడు. 2016, 2017లలో యూరో జేకే పందేల టైటిల్ వరసగా గెలిచాడు, అక్కడా అందరికీ ఒకే రకం ఫార్ములా బీఎండబ్ల్యూ బండ్లే. నీల్ జానీది స్విట్జర్లాండు, తండ్రి భారతీయుడు. 2016లో లె మాన్స్ 24 గంటల పందెంలో ముందున్న టయోటా చివరి నిమిషాల్లో చచ్చుబడి ఆగిపోయింది. వెనకనే పోర్షే తోలుకుంటూ వచ్చి గెలుపు గీత దాటినవాడు ఈయనే. అంతటివాడు, మన కుర్రాళ్లు కూర్చున్న కారులాంటి కారులోనే కూర్చున్నాడు. వాళ్లకూ ఆయనకూ మధ్య ఎంత దూరం ఉందో సెకన్లలో కొలుచుకునే వీలు ఈ పద్ధతిలోనే దొరుకుతుంది. వేరే బండ్లయితే ఆ దూరంలో ఎంత మనిషిది, ఎంత యంత్రానిది అన్నది ఎప్పటికీ తేలదు.

సీజను సాఫీగా సాగలేదు. నవంబరు 19, 20 తేదీల్లో హైదరాబాదులో జరగాల్సిన పందేలు ఆలస్యమై, వెలుతురు తగ్గిపోయి, జరగకుండానే ముగిశాయి. తర్వాతి రెండు వారాంతాలు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద. డిసెంబరు 10, 11న మళ్లీ సాగర్ ఒడ్డుకు. టైటిల్ కొచ్చి జట్టు పట్టుకుపోయింది. మనవాళ్లకు రాలేదని బాధపడ్డాను, కానీ డిసెంబరులో అదే దారి మీద పందెం జరిగి తీరడం నాకు టైటిల్ కన్నా పెద్ద సంగతి.

రెండు నెలలకు, తోటల్లో పిందె నిలిచే వేళకు, 2023 ఫిబ్రవరి 11న కరెంటుతో నడిచే 'ఫార్ములా-ఈ' కార్లు అక్కడికే వచ్చాయి. వాటిలో చాసిస్, బ్యాటరీ అందరికీ ఒకటే, మోటారు మాత్రం ఎవరిది వారిది. ఆ రోజు జాన్ ఎరిక్ వెర్న్ గెలుపు నేను మళ్లీ మళ్లీ చూశాను. వెనక నిక్ కాసిడీ ఉన్నాడు, జపానులో సూపర్ ఫార్ములా టైటిల్ గెలిచినవాడు. అతని బ్యాటరీలో వెర్న్ కన్నా ఎక్కువ శక్తి మిగిలి ఉంది. వెర్న్ మలుపుకు ముందే పెడల్ వదిలి బండిని దొర్లనిచ్చేవాడు, బ్రేకు వేసినప్పుడల్లా కాస్త కరెంటు వెనక్కి లాక్కునేవాడు, దాటే చోటల్లా లోపలి వైపు మూసేసేవాడు. అర సెకను కన్నా తక్కువ తేడాతో గెలిచాడు. బాబాయి చూసి, "నీళ్లు ఆపినట్టు ఆపాడురా" అన్నాడు.

మొన్న వేసవిలో కాయల లెక్కల పని మీద ఇద్దరం హైదరాబాదు వెళ్లాం. గోడలు లేవు, జాలీలు లేవు, సచివాలయం ముందు ఎప్పటిలాగే ట్రాఫిక్. ఆటో మలుపు దగ్గరకు వస్తుంటే బాబాయి ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టాడు.

"బాబూ, ఇక్కడే తొక్కాలి బ్రేకు. ఇంకో ఐదు మీటర్లు పోనియ్."