ముగియని ఆటకు ముగింపు: ఎయిర్‌వరల్డ్

పూర్తికాని కావ్యమును గూర్చి విమర్శకులు చర్చించుట పరిపాటి. పూర్తికాని వీడియో ఆటయు అట్టి చర్చకు తగినదే. అమెరికాలోని అటారీ కంపెనీవారి ‘స్వోర్డ్‌క్వెస్ట్’ అను ఆటల వరుస ఇందుకు మంచి ఉదాహరణము.

1977లో వెలువడిన అటారీ కన్సోలులో తాత్కాలికముగా గుర్తుంచుకొను చోటు 128 బైట్లు మాత్రమే. అనగా 128 ఇంగ్లీషు అక్షరములు పట్టునంత. అంతటి చిన్న యంత్రముపై భూమి, అగ్ని, జలము, వాయువు అను నాలుగు భాగముల ఆటను నిర్మింపబూనిరి. గదులలో తగిన వస్తువుల నుంచినచో అంకెలు కనబడును. ఆటతోపాటు ఇచ్చిన బొమ్మల కథలో ఏ పుటలో, ఏ బొమ్మలో రహస్యపు మాట దాగియున్నదో ఆ అంకెలు తెలుపును. గెలిచినవారికి మొత్తము 1,50,000 డాలర్ల విలువగల అయిదు బహుమతులు ప్రకటించిరి.

మొదటి భాగము 1982లో వచ్చెను. 1983లో అమెరికాలో వీడియో ఆటల వ్యాపారము కూలిపోయెను. మన యోగశాస్త్రములోని చక్రములను ఆధారముగా గొన్న జలభాగము 1984లో కొద్దిమందికే చేరెను. ఆ యేడే అటారీ గృహవినియోగ విభాగము చేతులు మారగా, వాయుభాగమైన ‘ఎయిర్‌వరల్డ్’ ఆగిపోయెను.

పుస్తకమును, యంత్రమును జోడించుట ఈ వరుసలోని గుణము. ఏ గదిలో ఏ వస్తువు నుంచవలెనో తర్కముచే తేల్చు వీలు చాల తక్కువ యగుట దోషము. ఆటగాడు ఆలోచించుటకు మారుగా అదృష్టమును పరీక్షించుకొనవలెను.

2022లో డిజిటల్ ఎక్లిప్స్ సంస్థ ‘అటారీ 50’ సంపుటిలో ఎయిర్‌వరల్డ్‌ను వెలువరించెను. చైనావారి ఐ చింగ్ గ్రంథము దీనికి ఆధారము. అందలి ప్రతి చిహ్నమునకు ఆరు గీతలు, ఒక్కొక్క గీతకు రెండు రూపములు. కనుక చిహ్నములు 64. ఈ ఆధారము పాత ఆలోచనయే; ఆట మాత్రము కొత్తది.

మాచర్ల సమీపమున నాగార్జునకొండ లోయలో 1954–60 మధ్య తవ్వకములు జరిగినవి. సాగరు నీటిలో మునుగకముందే కొన్ని కట్టడములను కొండపైకి తరలించి తిరిగి నిలిపిరి. మరికొన్నింటికి నమూనాలు చేసిరి. రెండింటికిని అసలు కట్టడము కన్నులయెదుట నుండెను. ఎయిర్‌వరల్డ్‌కు అట్టి అసలు లేదు. కావున దీనిని పునరుద్ధరణ యనరాదు. నిర్మాతలు దీనిని కొత్త ఆటల సరసన చేర్చుట న్యాయముగానున్నది.

ఈ భేదము చిన్నది కాదు. దీనిని 1984 నాటిదిగా భావించు విద్యార్థి, 128 బైట్లతో ఏమి సాధ్యమో, ఏమి అసాధ్యమో పొరపాటుగా గ్రహించును. ఆగిపోయిన పనికిని తేదీతో కూడిన చిత్తుప్రతి ఉండవలెను. ప్రయోగశాల పుస్తకమునకును ఈ నియమమే వర్తించును.