చారిత్రక బొమ్మల కథల ఎంపిక – విలువల బోధన: గోదావరి సీమ ఉదాహరణలు

1. ఉపోద్ఘాతం

చిన్నయసూరి 'నీతిచంద్రిక' (1853) నాటి నుండి తెలుగు నీతిబోధలో జంతుకథలకు స్థిరమైన స్థానం ఉంది. జంతుకథలోని పాత్ర నీతి కోసమే పుడుతుంది. చారిత్రక బొమ్మల కథలోని వ్యక్తి అలా కాక నిజంగా జీవించిన మనిషి. ఆ జీవితాన్ని ఒక్క నీతివాక్యానికి కుదిస్తే చరిత్ర, విలువ రెండూ పలచబడతాయి. పసిపిల్లల కోసం పుస్తకాన్ని ఎంచుకునే ఉపాధ్యాయుడు ముందుగా గమనించవలసిన అంశం ఇదే.

2. బొమ్మ చెప్పే విలువ

అక్షరాలు కూడబలుక్కునే వయసులో పిల్లలు మొదట చదివేది బొమ్మనే. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847–52 మధ్య జరిగింది. గుర్రంపై ఉన్న కాటన్‌ను మాత్రమే చూపే పుట కృతజ్ఞతను నేర్పుతుంది. పక్కనే రాళ్లు మోస్తున్న కూలీలనూ చూపితే శ్రమ పట్ల గౌరవం కూడా అలవడుతుంది. కింది వాక్యం మారకపోయినా అందే విలువ మారుతుంది.

రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహానికీ ఇదే వర్తిస్తుంది. 'సంస్కరణ' అనే మాట పసివారికి అందదు. బహిష్కారం వల్ల వంటవారు, నీళ్లు తెచ్చేవారు దూరమైనప్పుడు ఆ పనులను రాజ్యలక్ష్మమ్మ స్వయంగా చేపట్టారు. బిందె ఎత్తుకున్న ఆమె బొమ్మ ధైర్యాన్ని వివరణ లేకుండానే చూపగలదు. పెళ్లిపందిరితో సరిపెట్టే పుస్తకం ఆ అవకాశాన్ని వదులుకుంటుంది.

3. ఫలశ్రుతి సమస్య

లంకల గన్నవరంలో నిత్యాన్నదానం చేసిన డొక్కా సీతమ్మ (1841–1909) కథను ఆంగ్ల చక్రవర్తి గౌరవించిన ఘట్టంతో ముగించడం పరిపాటి. అలా ముగించినప్పుడు దానానికి ఫలం కీర్తి అన్న భావం పిల్లల్లో మిగులుతుంది. వేళ కాని వేళ వచ్చిన బాటసారికి పొయ్యి మళ్లీ వెలిగించడమే చివరి బొమ్మ అయితే దయ దయగానే నిలుస్తుంది.

పసివారికి ఇంత సంక్లిష్టత అవసరమా అన్న ఆక్షేపణ రావచ్చు. నీటిపారుదల విధానాలు వారికి అవసరం లేదు. 'ఈ బొమ్మలో ఇంకా ఎవరున్నారు?' అన్న ప్రశ్న మాత్రం వారికి సులభమే.

4. ముగింపు

ఈ ప్రశ్నకు చోటిచ్చే పుస్తకమే ఎంపికకు అర్హమైనది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో సీతమ్మ పేరు పెట్టారు. ఆ కథ చదివిన బిడ్డ పళ్లెం పట్టుకుని నిలబడినప్పుడు, అన్నం వడ్డిస్తున్న మనిషి ముఖం వైపు ఒకసారి చూస్తే ఆ పుస్తకం తన పని చేసినట్లే.