తెలుఁగు చలనచిత్రములందలి భాషౌచిత్యము

నాట్యశాస్త్రము పాత్రలకు వేషమునే కాక భాషనుగూడ విధించినది. ఉత్తమపాత్రలకు సంస్కృతమును, స్త్రీలకును అధమపాత్రలకును ప్రాకృతమును, ఆ యా దేశములవారికి మాగధి, అవంతిజ మున్నగు ఏడు దేశభాషలను భరతుఁడు నియమించెను. పలుకునుబట్టి పలికెడువాఁడు తెలియవలెనన్నది యీ విధి తాత్పర్యము. పదునొకండవ శతాబ్దివాఁడగు క్షేమేంద్రుఁడు కావ్యమున కౌచిత్యమే జీవితమన్నపుడును ఇదియే భావము. చలనచిత్రము దృశ్యకావ్యమే. కాఁబట్టి దాని భాషను బరీక్షించువారు ‘ఇది సాధువా, యసాధువా’ యను నొక్క ప్రశ్నతో నిలిచిపోరాదు. ‘ఈ పలుకీ పాత్రమునకుఁ దగునా’ యని రెండవ ప్రశ్నయు వేయవలెను. పౌరాణికము, సాంఘికము, జానపదము నను భేదము లేక కొన్ని తెలుఁగు చిత్రములను వరుసగాఁ జూచినచో, ఈ రెండవ ప్రశ్నయే వాని గుణదోషములను స్పష్టపఱచును.

హెచ్. ఎం. రెడ్డి ‘భక్తప్రహ్లాద’ (1932) సురభి నాటకరంగమునుండి తెరమీఁదికి వచ్చినది. రంగస్థలమున దూరపు ప్రేక్షకునకు వినఁబడుటకై గొంతెత్తి పలుకుట యవసరము. యంత్రము నటుని యూపిరినిసైతము చెవిదాపునకుఁ దెచ్చిన పిమ్మట నా యవసరము తీఱినది; అలవాటు మాత్రము కొంతకాలము నిలిచినది. గూడవల్లి రామబ్రహ్మము ‘మాలపిల్ల’ (1938) ఆ యలవాటును విడిచెను. చలము కథకుఁ దాపీ ధర్మారావు వ్యావహారికమున సంభాషణములు వ్రాసెను. బ్రాహ్మణ యువకుఁడు హరిజన బాలికను వలచుటయు, హరిజనులు దేవాలయప్రవేశము కోరుటయు నందలి వస్తువు. గుడి ద్వారముకడ నిలువరింపఁబడినవారి నోట గ్రాంథికమును బెట్టినచో వారి మొఱ వినువారి గుండెకుఁ దాఁకదు. అచ్చటి వ్యావహారికము సౌలభ్యముకొఱకు వచ్చినది కాదు, కథాధర్మమునుబట్టి వచ్చినది.

కె. వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన ‘పాతాళభైరవి’ (1951) జానపదము. మాటలు పింగళి నాగేంద్రరావువి. అందు నేపాళ మాంత్రికుని నోటి సంబోధనము ‘డింభకా’. డింభకుఁ డనఁగా శిశువు. దేశాంతరమునుండి వచ్చి మంత్రబలముచే గర్వించినవాఁడు లోకమునెల్లఁ బసివానిగాఁ జూచుట యా యొక్క పదమునఁ దోఁచును. కోశములందు నిద్రించుచుండిన శబ్దము వీథి బాలుర యాటలోనికి దిగినది.

వీరిరువురిదే యగు ‘మాయాబజార్’ (1957) వైయాకరణునకు విశేషపరీక్ష్యము. ఘటోత్కచుని కొలువున రాక్షసులు అస్మదీయులను ‘అసమదీయు’లనియు, దుష్టచతుష్టయమును ‘దుసటచతుసటయ’మనియుఁ బలుకుదురు. పరులను ‘తసమదీయు’లందురు. ఈ తప్పులు వట్టి వెఱ్ఱితప్పులు కావు. సంయుక్తాక్షరము నడుమ నచ్చును జొనిపి రత్నమును రతనముగాను, యత్నమును జతనముగాను జేసిన స్వరభక్తియే యిచ్చటను బనిచేసినది. ఇఁక ‘తసమదీయులు’. శాస్త్రమున అస్మచ్ఛబ్దమునకు ఛప్రత్యయము వచ్చి ‘అస్మదీయ’ మగును, తచ్ఛబ్దమునకు ‘తదీయ’ మగును. శాస్త్ర మెఱుఁగని రాక్షసుఁడు ‘అ’కారమే స్వకీయార్థము నిచ్చునని తలఁచి, దానిని దీసి ‘త’కారము నుంచినాఁడు. విభాగము తప్పు, విభాగించు పద్ధతి మాత్రము వైయాకరణులదే.

పస్పశాహ్నికమున పతంజలి, అసురులు అపశబ్దముచేతఁ బరాజితులైరని చెప్పెను. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునట్లు, శబ్దము కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోయి ‘శబ్దములు చేయు’మని యడుగఁడనియుఁ జెప్పెను. ఈ చిత్రమున రెండును దలక్రిందులైనవి. ఎవరును బుట్టింపనిచో మాట లెట్లు పుట్టునని ఘటోత్కచుఁడు ప్రశ్నించి, అపశబ్దము పలికినవానికి వీరతాడు వేయించును. ‘వీరతాడు’ సయితము తత్సమమునకుఁ దెనుఁగు నతికిన మిశ్రసమాసము. నాఁటినుండి ‘అసమదీయులు, తసమదీయులు’ తెలుఁగువారి రాజకీయప్రసంగములందును వార్తాపత్రికలందును నిలిచిపోయినవి. లోకము గ్రహించిన శబ్దమును శాస్త్రము తరువాత వివరించుననుటకు నింతకన్న నుదాహరణ మక్కఱలేదు.

అయినను నీ మార్గమున నొక దోషము పొంచియున్నది. ‘మాయాబజార్’ రాక్షసులను వెక్కిరింపదు, వారితోఁ గలిసి నవ్వును. తరువాతి చిత్రములు పెక్కింటిలో నీ వివేకము లోపించినది. నాయకుఁ డెచ్చటఁ బుట్టినను కృష్ణా గుంటూరు మండలముల చదువరుల భాషయే పలుకును. తెలంగాణము, రాయలసీమ, ఉత్తరాంధ్రముల పలుకుబడి సేవకునకో, విదూషకునకో, ప్రతినాయకునకో దక్కును. భరతుని ఉత్తమాధమవిభాగమే పేరులేక మరల వచ్చినది. దేశమునుబట్టి భాష నిచ్చుట యౌచిత్యము. హీనతకు గుర్తుగా దేశభాషను వాడుట యనౌచిత్యము.

గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ (1980) దీనికిఁ బ్రతీకారము. తెలంగాణ రైతుల సాయుధపోరాటము నందలి నాయకుఁడు తన యూరి భాషనే పలికి నాయకుఁడుగా నిలిచెను. ‘ఫిదా’ (2017) నాయిక, ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) విశాఖవాసులు నీ మార్గముననే నడచిరి. ‘బలగం’ (2023) కథలో నొక కుటుంబమును జీల్చిన కలహమునకు మూలము విందులో నల్లుని విస్తరిలోఁ బడని ‘నల్లి బొక్క’. తెలంగాణమున ‘బొక్క’ యనఁగా నెముక, కోస్తావారికి రంధ్రము. ఆ పదమును ‘మూలుగ యెముక’ యని దిద్దినచో నర్థము చెడదు గాని, అల్లుని యవమానము చెడును. ఇట్టి పదములను తెలియని ప్రేక్షకుఁడును సందర్భమునుబట్టి నేర్చికొనును.

‘బాహుబలి’ (2015) నందు కాలకేయులకై తమిళ కవి మదన్ కార్కి కల్పించిన ‘కిలికి’ దీనికి వ్యతిరేకోదాహరణము. ఆ భాష యర్థము కాకుండుటయే దాని ప్రయోజనము. శత్రువుల భయంకరత్వమునకుఁ దగినదే. అయినను మనుష్యుని మనుష్యునకు దగ్గఱచేయు పని దానివలనఁ గాదు. ఆ పని ‘నల్లి బొక్క’ చేసినది.

చిత్రభాష యంతయు నపభ్రంశమని త్రోసివేయు పండితులు శాసనములందు నొక్క క్రొత్త దేశ్యపదము దొరకినచో సంతసింతురు. తెరమీఁద వినవచ్చు మాండలికపదమును అదియే యాదరముతో నెత్తి వ్రాసికొని, దాని దేశమును అర్థమును నిర్ణయించుట నిఘంటుకారుల విధి. విద్యార్థి తన యింటి మాట తప్పని పాఠశాలలో విని, అదే మాటను తెరపై నాయిక నోట వినుచున్నాఁడు. ఆ రెంటి నడుమ నతనికి సమాధానము చెప్పవలసినవా రుపాధ్యాయులు. విజ్ఞులు పరిశీలింతురు గాక.