ప్లేటెక్కే ముందు

కళింగపట్నం సముద్రం వంకాయ రంగులో ఉంటుందంటే మీరు నమ్ముతారా? నేను వెయ్యి కాపీలు అలాగే అచ్చేయించాను. మా ఊళ్లో జరిగిన ఒక సభకి తెచ్చిన ప్రత్యేక సంచిక అది. అట్ట మీద లైట్‌హౌసు, దాని వెనక వంశధార కలిసే చోటు, ఆపైన కనుచూపు మేరా నీలం. కంప్యూటర్ తెర మీద ఆ నీలం చూసుకుని రెండు రోజులు మురిసిపోయాను. కట్టలు విప్పితే అట్టంతా గుత్తొంకాయ కూర. ప్రెస్సాయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు, "మీరిచ్చిన ఫైలే కదండీ" అన్నాడు. నిజమే, ఫైలు నాదే.

ఒక కాపీ పట్టుకుని శ్రీకాకుళంలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ముప్ఫయ్యేళ్లకు పైగా అచ్చుకి పేజీలు తయారుచేస్తున్న మనిషి. అందరూ మేస్త్రి అంటారు, నేనూ అదే అంటాను. పేరు రాస్తానంటే ఒప్పుకోలేదు. "పేరెందుకు బావూ, పని సూడు" అన్నాడు. అట్టని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి ఒక్క క్షణం చూశాడు. "సయాన్ వంద, మెజెంటా ఎనభై అయిదు, ఆ పైన. ఇది సముద్రం కాదు బావూ, వంకాయ తోట." ఫైలు తెరిచి చూపించాను. సయాన్ 100, మెజెంటా 88. కంటితో చూసి మూడు పాయింట్ల తేడాలో చెప్పిన మనిషికి అక్కడే మనసులో దండం పెట్టేశాను.

తెరది వెలుగు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిస్తే అక్కడ తెలుపు వస్తుంది. కాగితానిది సిరా. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలు ఒకదాని మీద ఒకటి పడి వెలుగుని మింగుతాయి. తెర మీద మెరిసే చిలకపచ్చ, నిప్పులాంటి నారింజ, ఆ నా నీలం, ఇవేవీ నాలుగు సిరాలకి అందేవి కావు. అందని రంగుని సాఫ్ట్‌వేర్ తనకు తోచిన పక్క రంగులోకి దింపేస్తుంది. నీలం కావాలంటే మెజెంటా ఎప్పుడూ సయాన్ కంటే ముప్ఫై పాయింట్లయినా కింద ఉండాలని మేస్త్రి లెక్క. నా ఫైల్లో మెజెంటాని అరవైకి దించి చిన్న ముక్క ప్రూఫు తీయించాడు. సముద్రం సముద్రంలా వచ్చింది. అప్పటికే వెయ్యి కాపీలు ఊళ్లో పంచేశాం, అది వేరే సంగతి.

ఆ రోజు నుంచి నాకో పిచ్చి పట్టుకుంది. అచ్చయిన బొమ్మ కనిపిస్తే చాలు, భూతద్దం తీస్తున్నాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయానికి జనం కథల కోసం వెళ్తారు. నేను చుక్కల కోసం వెళ్లాను. పాత 'యువ' సంచిక ఒకటి ముందు పెట్టుకుని, వపా బొమ్మ మీద భూతద్దం ఆనించాను. వపా అంటే వడ్డాది పాపయ్య గారు. 1921లో మా శ్రీకాకుళంలోనే పుట్టారు, కశింకోటలో స్థిరపడ్డారు, 1992లో పోయారు. 'చందమామ' అట్ట మీద ఆయన బొమ్మ చూసి పెరగని తెలుగువాడు ఆ తరంలో లేడు. బాపు గొప్పా, వపా గొప్పా అని నన్నడక్కండి. నాది శ్రీకాకుళం జిల్లా, తీర్పు ముందే రాసిపెట్టుంది.

భూతద్దం కింద వపా మాయమైపోతాడు. ఆ నెమలికంఠం నీలమూ ఉండదు, ఆ పసుపు ఛాయ చెక్కిలీ ఉండదు. చుక్కలు, ఉత్త చుక్కలు. నాలుగు రంగుల చుక్కలు చిన్న చిన్న పూరేకుల్లా గుండ్రంగా కూర్చుని ఉంటాయి. అద్దం తీస్తే మళ్లీ చెక్కిలి. ఆ రోజుల్లో రంగుల బొమ్మని ప్రాసెస్ కెమెరా ముందు పెట్టి నాలుగుసార్లు తీసేవారు. ఎర్ర ఫిల్టర్ వేస్తే సయాన్ నెగెటివ్, పచ్చ ఫిల్టర్‌కి మెజెంటా, నీలం ఫిల్టర్‌కి పసుపు, నలుపుకి మరోటి. చుక్కల వరసలు ఒక్కో రంగుకి ఒక్కో వాలులో ఉండాలి: సయాన్ 15 డిగ్రీలు, నలుపు 45, మెజెంటా 75, పసుపు సున్నా. వాలు తప్పిందా, పట్టుచీర మీద నీళ్లు పడ్డట్టు అలలు అలలుగా మరకలు. నీటిరంగుల్లో ఒక చిత్రకారుడు తడి ఆరకముందే కలిపిన రెండు ఛాయల్ని, ఆ కలిసిన చోటుతో సహా నాలుగు నెగెటివ్‌లుగా విడదీసి మళ్లీ కలపడమంటే మాటలా? ఎక్కువైన చుక్కని మందు రాసి సన్నం చేసేవారు, బ్లేడుతో గీకి సరిచేసేవారు. బొమ్మ మూల వపా సంతకం ఉంది. చుక్కని సన్నం చేసినవాడి సంతకం ఎక్కడా లేదు.

తెలుగు అచ్చు చరిత్ర పెద్దది, ఇక్కడ రెండు ముక్కలు చాలు. మొదటి తెలుగు పుస్తకాలు అచ్చయింది మన దేశంలో కాదు, జర్మనీలోని హాలే పట్నంలో, 1746 ప్రాంతంలో, షుల్జ్ అనే మతబోధకుడి చేతి మీదుగా. విశాఖపట్నంలో కూర్చుని దొరలు తెలుగులోకి దింపిన సువార్తలు 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్ ప్రెస్సులో అచ్చయ్యాయి. అంటే మన ఒడ్డున రాసింది అచ్చు కోసం ఊరు దాటడం అప్పుడే మొదలైంది. ఇప్పుడు క్యాలెండర్లు శివకాశి వెళ్తున్నాయి, పుస్తకాలు విజయవాడ, హైదరాబాద్ వెళ్తున్నాయి. ఫైలు తయారుచేసే చెయ్యి మాత్రం ఇక్కడే ఉంది. అదైనా నిలబెట్టుకోకపోతే ఎలా?

అసలు విద్య అక్షరం దగ్గర ఉంది. ఇంగ్లీషు అక్షరం బుద్ధిగా గీత మీద కూర్చుంటుంది. మనది అలా కాదు. పైన తలకట్టు, గుడి, ఏత్వం. కింద వొత్తు, వొత్తు కింద ఇంకో వొత్తు, పక్కన వట్రుసుడి. 'స్త్రీ' అని రాస్తే మూడంతస్తుల మేడ. పై లైను వొత్తు కింది లైను గుడిని గుద్దకుండా ఎడం ఇవ్వాలి. ఇంగ్లీషుకి చెప్పిన లైన్ల ఎడం లెక్కని తెలుగుకి పెడితే వొత్తులన్నీ కింది వరస నెత్తినెక్కుతాయి. పేజీ అడుగున ఆఖరి లైనులో వొత్తు ఉంటే కటింగ్ మిషన్ దాన్ని నరికేస్తుంది. మేస్త్రి ముందుగా చూసేది ఆ ఆఖరి లైనే.

తలకట్టు వెంట్రుకవాసి గీత. దాన్ని నలుపు ఒక్క ప్లేటు మీదే పెట్టాలి. తెర మీద నల్లగా కనిపించే అక్షరాన్ని ఆలోచించకుండా ఫొటోషాప్‌లో రంగు మారిస్తే ఏమవుతుందో మేస్త్రి చూపించాడు. సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90. ఒక్క నల్ల అక్షరం నాలుగు ప్లేట్లకీ ఎక్కి కూర్చుంది, మొత్తం కలిపితే మూడు వందల శాతం సిరా. మామూలు పేపరు అంత తాగలేదు. పైగా మాది ఉప్పుగాలి. వానాకాలం కాగితం తేమ పీల్చి సాగుతుంది. నాలుగో రంగు పడే వేళకి వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. బొమ్మలో ఆ జరుగుడు ఎవరికీ తెలీదు. తలకట్టుకి మాత్రం ఒకవైపు ఎర్ర నీడ, ఒకవైపు నీలం నీడ, చదివేవాడికి తలనొప్పి. అందుకే నల్ల అక్షరం ఒక్క నలుపులో ఉండాలి, కింద ఏ రంగున్నా దాని మీదనే పడాలి. దీన్నే ఓవర్‌ప్రింట్ అంటారు. నాలుగు రంగుల నేల మీద తెల్ల అక్షరాలు కావాలని ఎవరైనా అడిగితే మేస్త్రి మొహం మాడిపోతుంది. చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి సన్న గీతల్ని పూడ్చేస్తుంది. తప్పదంటే అక్షరాన్ని ఒక మెట్టు లావు చేస్తాడు.

అను ఫాంట్ల గురించి చెప్పకుండా తెలుగు డీటీపీ గురించి రాస్తే పాపం. పేజ్‌మేకర్‌లో అను అక్షరాలతో ఒక తరం మొత్తం పుస్తకాలు, కరపత్రాలు, పెళ్లికార్డులు తయారుచేసింది. పేజ్‌మేకర్ 2001లో ఏడో వెర్షన్‌తో ఆగిపోయినా మా ఊళ్లలో ఆగలేదు, ఆగాల్సిన అవసరమూ కనపడలేదు. చిక్కల్లా ఒక్కటే. అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో అద్దెకుంటాయి. అవతలి ప్రెస్సులో అదే ఫాంటు, అదే వెర్షన్ లేకపోతే 'శుభలేఖ' కాస్తా గజిబిజి రాతైపోతుంది. కోరెల్‌డ్రాలో అక్షరాల్ని కర్వ్స్ చేసి పంపడం దీనికి విరుగుడు. అక్షరం అప్పుడు బొమ్మైపోతుంది, ఎక్కడికెళ్లినా మారదు. కానీ అందులో తప్పు దొర్లితే టైపు చేసి దిద్దలేం. మేస్త్రి రెండు ఫైళ్లు దాస్తాడు. అక్షరాలు బతికున్నది తల్లి ఫైలు, కర్వ్స్ చేసింది పిల్ల ఫైలు. దిద్దుబాటు తల్లిలోనే. ముహూర్తం టైము పిల్ల ఫైల్లో అంకె ముక్క అతికించి మార్చిన కుర్రాణ్ని ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

యూనికోడ్ వచ్చాక ఆ బెంగ కొంత తీరింది. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఒదిగిపోతుంది. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో మన ఉత్తరాంధ్ర పెద్దలిద్దరి పేర్లతో గిడుగు, గురజాడ ఉన్నాయి. నేను వాటినే వాడతాను, పక్షపాతం అనుకున్నా సరే. ఇన్‌డిజైన్‌లో మాత్రం వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవాలి. లేకపోతే గిడుగు వారి పేరున్న అక్షరాలకే వొత్తులు ఊడిపోతాయి.

పేజీలు పేర్చే విద్య మేస్త్రి చేతిలో చూడాలి. నాకు నేర్పడానికి ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు మడతలు వేశాడు. ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. కత్తిరించకుండానే మూలలు గోరుతో ఎత్తుతూ పెన్సిల్‌తో ఒకటి నుంచి పదహారు దాకా అంకెలు వేశాడు. విప్పితే నా కళ్లు తిరిగాయి. 1 పక్కన 16, 4 పక్కన 13. వాటి తలలకి తలలు ఆనించి తలకిందులుగా 8 పక్కన 9, 5 పక్కన 12. "పక్కపక్కన రెండూ కలుపు" అన్నాడు. కలిపాను. పదిహేడు. వెనక్కి తిప్పాడు. 2, 15. పదిహేడు. 7, 10. పదిహేడు. ఈ లెక్క తప్పిన ఫారం మిషనెక్కితే నవల్లో పెళ్లి తర్వాత పెళ్లిచూపులు వస్తాయి. నడుమ పిన్ను కొట్టే పుస్తకానికి ఇంకో మెలిక ఉంది. లోపలి ఆకులు బయటికి పొడుచుకొస్తాయి, అంచు కటింగులో వాటి మార్జిన్ ఎక్కువ పోతుంది. అందుకని నడుమకి పోయేకొద్దీ లోపలి మార్జిన్‌ని గింజంత గింజంత తగ్గిస్తాడు. ఇదంతా ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తుంది, ఆయనా వాడతాడు. ప్లేటుకి పంపే ముందు మాత్రం కాగితం మడత పెట్టాల్సిందే.

కటింగుకి ఆవల మూడు మిల్లీమీటర్లు రంగు వదలడం, అక్షరాన్ని అంచుకి దూరంగా ఉంచడం ఎవరైనా నేర్చుకోవచ్చు. నేర్చుకోరు, అదీ నా బాధ.

ఫ్లెక్సీ వచ్చి ఈ పని గొంతు నులిమింది. ఫ్లెక్సీ దానికది తప్పు కాదు. రోడ్డవతల నుంచి చూసేదానికి అంగుళానికి డెబ్బయి రెండు చుక్కలున్నా సరిపోతుంది. ఆ అలవాటుతోనే పుస్తకం అట్టలు చేస్తున్నారు, అక్కడే నాకు మండేది. ఎ4 పేజీ నిండా బొమ్మ కావాలంటే 2480, 3508 పిక్సెళ్లు ఉండాలి. మనవాళ్లు వాట్సాప్‌లో నలిగి వచ్చిన ఫొటోని తెచ్చి, రిజల్యూషన్ గడిలో 300 అని కొట్టి, అయిపోయిందంటారు. గంజిలో నీళ్లు పోసి అన్నం పెరిగిందన్నట్టు. ఫోన్‌లో యాప్ తెరిచి, ఎవరో చేసిన అచ్చులో పేర్లు మార్చి, జేపెగ్ చేసి పంపేవాడు డిజైనర్. నిలువునా సాగదీసిన తెలుగు అక్షరాలు, వాటికి బంగారు మెరుపు, ఆ మెరుపుకి నీడ! శ్రీకూర్మం గుడి స్తంభాల మీద శాసనం చెక్కినవాడు ఇవి చూస్తే ఉలి వంశధారలో పారేస్తాడు. 2022లో అప్పటి ముఖ్యమంత్రి విశాఖలో ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు నేను లోలోపల పండగ చేసుకున్నాను. పండగ ఎన్నాళ్లుందో మీకు తెలిసిందే, ఏ కూడలికైనా వెళ్లి చూడండి.

వీళ్లకి వత్తాసు పలికేది మనమే. అట్టకి ఆర్ట్ పేపరు, లామినేషను, పైన మెరుపు అంటే ఎంతైనా ఇస్తాం. ఫైలు సరిచేసినందుకు అయిదొందలు అడిగితే, "రెండు క్లిక్కులకా?" అంటాం. ఆ రెండు క్లిక్కులు ఎక్కడ కొట్టాలో తెలియడానికి ఆయనకి ముప్ఫయ్యేళ్లు పట్టింది. మేస్త్రి దగ్గర ఒకప్పుడు పని నేర్చుకునే కుర్రాళ్లు ఉండేవారట. నేను వెళ్లిన రోజున ఒక్కడే ఉన్నాడు. వాడూ వచ్చే నెల ఫ్లెక్సీ షాపుకి వెళ్లిపోతున్నాడు, జీతం అక్కడ నయమట.

మా సంచిక రెండోసారి వేశాం. ఈసారి సముద్రం నీలంగానే వచ్చింది. రెండో పేజీలో, ప్రెస్సు పేరు కింద, తల్లి ఫైల్లో ఆయన పేరు నేనే టైపు చేసి ఇచ్చాను. అచ్చయి వచ్చిన దాంట్లో లేదు, తీసేశాడు. మీరు పుస్తకమో సావనీరో వేయిస్తుంటే ఒక పని చేయండి. పేజీలు తయారుచేసినవాళ్ల కూలి అచ్చుఖర్చులో కలపకుండా విడిగా లెక్కకట్టి ఇవ్వండి. రెండో పేజీలో వాళ్ల పేరు వేయండి. తీసేశారేమో చూసుకోవడానికి ఆఖరి ప్రూఫు మీరే అడిగి తెప్పించుకోండి.